ఎర్రనాచు గంజి

చీరాల,
12-7-65

తమ్ముడు పానకాలుకి,

అక్క కోటిరత్నం దీవించి రాసేది. ఇక్కడ ముగ్గురం ఉన్నాం. అత్తకి మోకాలి నొప్పి, మీ బావకి నడుం నొప్పి, నాకు వాళ్లిద్దరి నొప్పులూ వినే నొప్పి. ఇంతకంటే క్షేమం ఈ ఏడు అడక్కు.

నీ ఉత్తరం అంది పదిరోజులైంది. ఇవాళ వీధిలో పడుగు చాచే పని లేదు కాబట్టి చేతులు ఖాళీ. పడుగు ఎందుకు లేదంటే గంజి లేదు. గంజి ఎందుకు లేదంటే బియ్యం లేవు. చౌకడిపోలో ఇచ్చేది మళ్లీ తగ్గించారు. పడుగొక్కటికి మానికెడు బియ్యం ఉడికించి గంజి కాచాలా, కుంచెతో దాన్ని పోగుపోగుకీ పట్టించాలా, లేకపోతే నూలు మగ్గం మీద నిలవదాయె. నేసిన చీర కొనుక్కున్నావిడ మొదటి ఉతుకులోనే ఆ గంజి కాలవలో వదిలేస్తుంది. మా అన్నం ఎవరి కాలవల్లో పోతోందో అనుకుంటూ ఉంటాను.

మీ బావ రాగులతో కాచి చూశాడు. నూలు నల్లబడిందని, మాకు నూలిచ్చి నేయించే షావుకారు అంకయ్య మొహాన కొట్టాడు. మళ్లీ బియ్యమే దిక్కు. జ్యేష్ఠం నుంచీ నేను శనివారాలు ఒక్కపొద్దు ఉంటున్నాను. అత్తకి సంతోషంగా ఉంది. పెళ్లయి ఏడేళ్లైనా కడుపు పండలేదు, ఇప్పటికైనా కోడలికి దేవుడు గుర్తొచ్చాడని వీధంతా చెప్పుకుంది.

నువ్వేదో సముద్రపు నాచుని తొట్లలో పెట్టి కాస్తున్నానని రాశావు. గడ్డికి కాపలా కాస్తే జీతమిస్తున్నారా? మీ బావ ఉత్తరం చదివి వినిపిస్తే అత్త నవ్వి, "ఆవులు లేని ఊరేమో" అంది. మా ఇంటికొచ్చే ఉత్తరం మీ బావ పైకి చదవడం, అత్త వినడం ఆనవాయితీ అని నీకు తెలుసుగా. పెళ్లి మాట ఉంటే అందరూ వినేలా రాయి. లేకపోతే ఆ నాచు సంగతే రాయి, కాలక్షేపం.

మీ అక్క
కోటిరత్నం

*

మండపం,
26-7-65

అక్కకి,

నమస్కారం. పెళ్లి మాట లేదు, నాచు మాటే ఉంది.

ఈ సముద్ర పరిశోధన కేంద్రంలో నా పని తొట్లలో నీళ్లు మార్చడం, సీసాలు కడగడం, మా సారు చెప్పిన అంకెలు పుస్తకంలో రాయడం. ఆ నాచు ఎర్రగా ఉంటుంది, చిక్కుపడ్డ నూలు కండెలా. దానికి వేళ్లు లేవక్కా. రాయిని పట్టుకోవడానికి అడుగున చిన్న పట్టు ఉంటుంది గానీ దాంతో తాగదు. ఒళ్లంతా నోరే. ఒంట్లో ప్రతి కణమూ సముద్రపు నీళ్లలోంచి తనకి కావలసింది ఏరుకుని లోపలికి లాక్కుంటుంది. బయట నీళ్లలో చిటికెడు లేని సత్తువ లోపల దోసెడు పోగవుతుంది. కణమంటే గోడలో ఇటుక అనుకో, కాకపోతే ప్రతి ఇటుకలోనూ ఒక గాదె ఉంటుంది.

మా సారు రెండు తొట్లు పెట్టారు. ఒకదానికి వారానికోసారి ఎరువు ఉప్పు వేస్తాం. రెండోదానికి ఉత్త సముద్రపు నీళ్లే. ఎరువు వేసిన తొట్లో నాచు ఒక్క పూటలో పదిరోజులకి సరిపడా తాగి దాచుకుంటుంది. వేయని తొట్లో కొద్దిరోజులకి ఎరుపు తగ్గుతుంది. ఆ ఎరుపు సోకు కాదట, అది కూడా దాచుకున్న ఆహారమేనట. బయట దొరక్కపోతే ముందు తన రంగే తాను తింటుంది. ఎండుగడ్డి రంగుకొస్తుంది. కానీ చావదు. ఎండ తగులుతూనే ఉంటుంది కాబట్టి పిండి తయారుచేస్తూనే ఉంటుంది, ఎదగడానికి సత్తువ లేక ఆ పిండినీ జిగురునీ లోపలే పేరుస్తుంది. మన గంజి మీద అయోడిన్ చుక్క వేస్తే నీలమౌతుంది. దీని పిండి మీద వేస్తే ఎర్రటి గోధుమరంగు.

ఇది రాస్తుంటే నీ గంజి గుర్తొచ్చింది. ఈ నాచు ఉడికిస్తే చిక్కగా, జిగురుగా దిగుతుంది. సారుని అడిగి, లెక్కలయ్యాక పారేసే నాచు ఎండబెట్టి రెండు మూటలు రైలు పార్సిల్లో పంపుతున్నాను. ఒకటి ఎర్రది, ఒకటి వెలిసింది. వెలిసినదే వాడండి. చూడ్డానికి చచ్చినట్టుంటుంది గానీ అందులోనే పిండి ఎక్కువ. మంచినీళ్లలో ఏడుసార్లు కడగండి, నాలుక మీద పెట్టుకుంటే ఉప్పు తగలకూడదు.

ఒక్కపొద్దు రోజు మధ్యాహ్నమైనా సరిగ్గా తింటున్నావా?

నీ తమ్ముడు
పానకాలు

*

చీరాల,
20-8-65

తమ్ముడికి,

దీవెనలు. మూటలు చేరాయి. స్టేషన్లో పార్సిల్ గుమాస్తా ముక్కు మూసుకుని, "ఏమ్మా, ఎండుచేపలకి గడ్డి చుట్టి పంపారా?" అన్నాడు. ఇల్లంతా మూడు రోజులు వాడరేవు చేపల వాసన.

ముందే చెబుతున్నాను, కోప్పడకు. వెలిసిన మూట పోయింది. నేను నూలు కండెలు చుట్టించడానికి వెళ్లొచ్చేసరికి అత్త దాన్ని విప్పి, "పాపం, కుర్రాడు పంపినదాంట్లో సగం చీడ పట్టింది" అని పక్కింటి చాంద్‌బీ బర్రెకి వేసింది. బర్రె మొహం తిప్పుకుంది. దిబ్బ మీదకి పోయింది. ఎర్రది మాత్రం బంగారంలా దాచింది. ఎర్రగా ఉన్నదాన్ని మంచిదనకుండా వెలిసిపోయినదాన్ని మంచిదనడం ఏ శాస్త్రమో అత్తకి ఎక్కలేదు. రంగు చూసి నూలు మంచిచెడ్డలు ఎంచే ఇల్లాయె.

ఎర్రదే నానేశాం. నీళ్లు పలచని గులాబీ రంగు తిరిగాయి. ఉడికాక ఆ రంగు పోయి తేనె రంగొచ్చింది. గంజి కుంచెకి బాగా అంటింది. పోగులు గట్టిపడ్డాయి. మీ బావ పడుగుని వేలితో మీటి, "మీ తమ్ముడు చదువుకున్నాడే" అన్నాడు. ఏడేళ్లలో మన పుట్టింటికి ఆయనిచ్చిన మొదటి మెప్పు ఇది.

కడిగిన నీళ్లు మాత్రం పారబొయ్యలేదు. బియ్యం కడుగు ఏనాడైనా పారబోశామా, సారమంతా కడుగులోనే ఉంటుంది అని అత్త ఆ నీళ్లతోనే ఉడికించమంది. నీకు సంతోషమేగా, ఒక్క చుక్క వృథా కాలేదు.

శ్రావణమాసం కదా, శుక్రవారాలు కూడా పట్టాను. సోమవారాలు ఎటూ ఉన్నాయి. ఇవాళ శుక్రవారమే. రాస్తుంటే అక్షరాలు కాస్త ఊగుతున్నాయి, దీపం కుదురుగా లేక.

మీ అక్క
కోటిరత్నం

*

మండపం,
14-9-65

అక్కా,

పదిహేను రోజులు పడవ మీద దీవుల్లో నాచు ఏరడానికి వెళ్లాం. నిన్న వచ్చి నీ ఉత్తరం చూశాను. ఈ యుద్ధం రోజుల్లో ఇది ఎప్పటికి చేరుతుందో.

ఆ కడుగు నీళ్లు పారబొయ్యాలక్కా. అందులో ఉన్నది సారం కాదు, సముద్రపు ఉప్పు. ఉప్పు గాలిలో తడిని పీలుస్తుంది. ఎండలున్నన్నాళ్లూ తెలియదు, వాన పట్టగానే పడుగు చెమర్చి గంజి మెత్తబడుతుంది. ఆ పడుగు మగ్గమెక్కిస్తే దింపేయండి. మంచినీళ్లలో జాడించి మళ్లీ గంజి పెట్టండి. బావ తిట్టుకున్నా సరే. ఏడుసార్లు కడగమని రాశాను గానీ ఆ నీళ్లు పారబొయ్యమని రాయలేదు. కడిగిన నీళ్లు దాచుకునే ఇల్లని నాకు తెలిసుండీ రాయలేదు. తప్పు నాదే.

నువ్వొక సంగతి రాయలేదు. ఆ పడుగుకి మానికెడు బియ్యం మిగిలాయి కదా. ఆ వారం నువ్వు కడుపునిండా తిన్నావా?

పానకాలు

*

చీరాల,
3-10-65

తమ్ముడికి,

నీ ఉత్తరం నాలుగు రోజులు ముందొస్తే బాగుండేది. ముసురు పట్టిన మర్నాడే పడుగు చెమర్చింది. చెయ్యి వేస్తే తడి నాలుకలా ఉంది. పోగులు ఒకదానికొకటి అంటుకుని, మీ బావ ఒక జానెడు నేస్తే ముప్ఫై చోట్ల తెగాయి. రెండు రోజులు కూర్చుని ముళ్లేశాడు. మూడో రోజు మగ్గం గుంటలోంచి లేచి వెళ్లి అరుగు మీద పడుకున్నాడు.

అంకయ్య వచ్చి చూసి నూలు పట్టుకుపోయాడు. దసరా వెళ్లాకగానీ మళ్లీ పడుగు ఇవ్వనన్నాడు. గంజితో ప్రయోగాలు చేసే ఇంటికి నూలెలా ఇస్తామన్నాడు. అత్త నిన్నేమీ అనలేదు. కడుగు తానే ఉంచమన్నానని ఆవిడకి తెలుసు. ఒక్కతే కూర్చుని తన మోకాలు తిడుతోంది.

నీ మీద నాకు కోపం లేదు. కోపానికి కూడా ఓపిక కావాలి.

తిన్నావా అని అడిగావు. నవరాత్రులు కదా, ఇప్పుడు మంగళవారాలు కూడా చేరాయి. అలవాటైపోయింది. గాజులు ఇప్పుడు సబ్బు లేకుండానే చేతిలోంచి వస్తున్నాయి, అదో సుఖం. నువ్వు ఊరికే బెంగపడి ఇటు రాకు.

మీ అక్క
కోటిరత్నం

*

మండపం,
15-10-65

అక్కకి, అత్తయ్యకి, బావగారికి,

ఈ ఉత్తరం ముగ్గురికీ. బావా, మీరు ఎప్పటిలాగే పైకి చదవండి, మధ్యలో ఆపకండి.

ముందు నాచు. నేనే ఇక్కడ ఏడుసార్లు కడిగి, ఉడికించి, వడకట్టి, పళ్లేల్లో ఎండబెట్టి అప్పడాల్లాంటి రేకులు చేస్తున్నాను. మీరు వేడినీళ్లలో కరిగిస్తే చాలు. పోయిన పడుగు తిరిగి తేలేను. ఇకమీదట పోకుండా చూస్తాను.

ఇక రెండో సంగతి. ఎరువు వేయని తొట్లో నాచు నిటారుగా నిలబడే ఉంది. త్రాసులో వేస్తే ఎర్రదానికంటే ఒకోసారి ఎక్కువే తూగుతోంది. నేను సంతోషపడితే మా సారు, "ఆ బరువు చూసి మోసపోకు. లోపల పిండి తప్ప ఒళ్లు కట్టుకునే సరుకు అయిపోయింది. ఇంకో నెల ఇలాగే ఉంచితే ముట్టుకుంటే తునుగుతుంది" అన్నారు.

నిన్న అక్క ఉత్తరాలు మూడూ పక్కపక్కన పెట్టి చదివాను. జ్యేష్ఠంలో శనివారం ఒక్కపొద్దు. శ్రావణంలో సోమవారం, శుక్రవారం. దసరాకి మంగళవారం. బియ్యం తగ్గినప్పుడల్లా ఒక దేవుడు ఎక్కువయ్యాడు. మా అక్కకి చిన్నప్పట్నుంచీ ఇంత భక్తి లేదు, నాకు తెలుసు. బావా, పడుగుకి పోసిన బియ్యం ఎవరి వాటా అని ఒక్కసారి అడగండి. గాజులు ఎందుకు జారుతున్నాయో అడగండి. అత్తయ్యా, నన్ను క్షమించండి.

పానకాలు

*

చీరాల,
2-11-65

పానకాలూ,

నీకు దీవెనలు రాయబుద్ధి కావడం లేదు. అయినా రాస్తున్నాను, అలవాటు.

మీ బావ చదివాడు. "ఎవరి వాటా" అన్నచోట ఆగాడు. ఆపొద్దన్నావుగా, గొంతు సవరించుకుని చివరిదాకా చదివాడు. చదివి కాగితం మడిచి దూలం మీద పెట్టి వీధిలోకి వెళ్లాడు. వీధిలో పడుగు కూడా లేదు, ఏం చూస్తూ నిలబడ్డాడో.

మగవాళ్లు తిన్నాక, పెద్దవాళ్లు తిన్నాక, మిగిలింది తినే ఇంట్లో మిగిలిందా అని ఎవరూ అడగరు. అడగకపోవడం పాపం కాదు, అత్తనీ ఏనాడూ ఎవరూ అడగలేదు. నువ్వెందుకు అడిగావు? పెళ్లాన్ని పస్తు పెట్టాడన్న మాట మీ బావ తన నోటితో తానే చదువుకోవలసి వచ్చింది. ఆయనకి నిజంగా తెలియదు. తెలిస్తే మగ్గం అమ్మేసేవాడు. నేను భయపడింది దానికే.

అవును, నేనే వేశాను. రోజూ నా సోలెడులోంచి తీసి గంజి కుండలో వేశాను. ఊరికే తిననంటే అడుగుతారు, ఒక్కపొద్దంటే దణ్ణం పెడతారు. ఒక్కపొద్దు అన్నాను గానీ ఆ ఒక్క పూటా ఉత్త మజ్జిగే తాగిన రోజులున్నాయి.

అసలు బాధ అది కాదు. నాలుగో రోజు పెరట్లో గిన్నెలు తోముతుంటే అత్త వచ్చి నిలబడి, "నేను మనవడి కోసం అనుకున్నానే" అంది. అంతే. వీధిలో ప్రతి గుమ్మం దగ్గరా చెప్పుకున్న మనిషి. నేను ఆవిడ ఆశని అడ్డం పెట్టుకుని ఆవిడని మోసం చేశాను. ఆ మాటకి జవాబు నీ నాచు శాస్త్రంలో దొరికితే రాయి.

కోటిరత్నం

*

మండపం,
14-11-65

అక్కా,

జవాబు దొరకలేదు. నాచుకి అత్తగార్లు ఉండరు.

నువ్వు తిట్టినా మళ్లీ రాయవలసి వస్తే అదే రాస్తాను. అమ్మ పోయాక నాకు నువ్వు వండి పెట్టిన రోజుల్లో నువ్వెప్పుడు తిన్నావో నేను ఒక్కసారీ చూడలేదు. ఇప్పుడు ఇంత దూరం నుంచి, తొట్టి పక్కన కూర్చుని, అదే తలుచుకుంటున్నాను. బావని అన్నాను గానీ ముందు తప్పు నాదే.

రేకులు పార్సిల్ చేశాను. చేతులు ఉప్పుకి పగిలాయి, మరేం లేదు.

ఒక సంగతి మాత్రం జాగ్రత్తగా విను. పోయిన నెల ఎరువు లేకుండా ఇంకో తొట్టి పెట్టాం, వారం కిందట ఆకలి తొట్లు రెంటికీ ఎరువు వేశాం. నెల ఆకలితో ఉన్న నాచు ఆబగా తాగింది, రెండు మూడు రోజుల్లో కొసలు ఎర్రబడ్డాయి. మూడు నెలలు ఆకలితో ఉన్నది మాత్రం తాగలేకపోయింది. వేసిన ఎరువు నీళ్లలోనే ఉండిపోయింది, తొట్టి పాచిపట్టింది. దాన్ని తీసి వేరే తొట్లో పెట్టి, చిటికెడు చిటికెడు వేసి చూస్తున్నాం. అందుకని ఒకేసారి కంచం నిండా పెట్టుకోకు. ముందు పలచని జావ, తర్వాత కాస్త మెత్తటి అన్నం. నువ్వు నాచువి కాదని తెలుసు, కానీ నాకు తెలిసింది ఇదొక్కటే.

బావకి నా మీద కోపం పోకపోయినా సరే. నీ కంచం చూస్తే చాలు.

పానకాలు

*

చీరాల,
10-12-65

చిరంజీవి తమ్ముడికి,

దీవెనలు, ఈసారి మనసారా.

నీ రేకులు కరిగించి గంజి పెట్టాం. అంకయ్య మొన్న ఒక పొట్టి పడుగిచ్చాడు, చూద్దామని. పోగు తెగలేదు, చెమర్చలేదు. ఇప్పుడింక పడుగు మా బియ్యం తినడం లేదు. మీ బావ నీకు చెప్పమన్నది ఇంతే: "రేకులు బాగున్నాయి." ఆయన ఉత్తరం దూలం మీదనుంచి తీసి మళ్లీ చదవడం నేను రెండుసార్లు చూశాను.

అత్త సంగతి రాయాలి. పట్టిన ఒక్కపొద్దులు ఊరికే వదిలేస్తే ఇంటికి అరిష్టం, ఉద్యాపన చెయ్యాల్సిందే అంది. "అవి దొంగ ఒక్కపొద్దులు అత్తా, వాటికి ఉద్యాపనేంటి" అన్నాను. "నువ్వు దొంగవి. పస్తు దొంగది కాదుగా" అంది. ముత్తయిదువలకి భోజనం పెట్టాలంటే మళ్లీ బియ్యం, ఆ మిగిలిన బియ్యం కూడా వీధిలోవాళ్లకే పోతాయి కాబోలు అనుకున్నాను.

ఇవాళ శుక్రవారం. పొద్దున్నే నాకు తలంటి, నడింట్లో పీట వేసి, విస్తరి వేసింది. ఒక్కటే విస్తరి. ముత్తయిదువలేరీ అంటే, "కూర్చో" అంది. నాకు బొట్టు పెట్టి, పసుపు రాసి, మీ బావ ఇంకా తినకముందే నాకు వడ్డించింది. మెత్తటి అన్నం, పెసరకట్టు, నెయ్యి. నెయ్యి ఎక్కడిదో అడగలేదు. మీ బావ గుమ్మంలో కూర్చున్నాడు. ఈ ఇంట్లో ఆయన ఆకలితో ఉండగా నేను కంచం ముందు కూర్చోవడం ఇదే మొదలు.

రెండు ముద్దలకి చెయ్యి ఆగిపోయింది తమ్ముడూ. ఇన్నాళ్లూ తలుచుకుని తలుచుకుని పడుకున్న అన్నం ముందుంది, గొంతు దిగడం లేదు. దిగనంటుంటే ఏడుపొచ్చింది. వాళ్లు కోప్పడతారనుకున్నాను. అత్త విస్తరి తీయలేదు. "తొందరేముంది, కూర్చో" అని తన మోకాలు చాపుకుని నా ఎదురుగా కూర్చుంది. మీ బావ మగ్గం దగ్గరికి వెళ్లలేదు. అన్నం చల్లారిపోతే అత్త కాస్త వేడి కట్టు పోసింది. మళ్లీ చల్లారింది. మళ్లీ పోసింది. మధ్యాహ్నం దాటేదాకా ముగ్గురం ఆ ఒక్క విస్తరి చుట్టూ కూర్చున్నాం. మొత్తం ఏడు ముద్దలు. ఆ తర్వాతే వాళ్లిద్దరూ తిన్నారు.

ఈ ఉత్తరం మీ బావకి చూపించి పంపుతున్నాను.

గొడ్డులా పని చేశాను గానీ తమ్ముడూ, తినడం ఇంత పనని నాకు తెలీదు. ఒళ్లంతా అలిసిపోయింది. రేపు పీట మళ్లీ వేస్తానంది అత్త.

మీ అక్క
కోటిరత్నం